పదకొండు ఇటుకరంగు చొక్కాలు

మా టీం ఏడేళ్ళు ఆడింది. గెలిచినవి రెండు మ్యాచులు. ఒకటి, జోరువానకు అవతలివాళ్ళు రాకపోవడం వల్ల గెలిచాం. రెండోది హసన్‌పర్తి వాళ్ళ మీద. ఆ రోజు వాళ్ళ దగ్గర ఏదో పెళ్ళి ఉండి ఏడుగురే వచ్చారు. ఆ ఏడుగురి మీద మేము పదకొండు మందిమి ఒక్క గోలు తేడాతో గెలిచి, మా మట్టెవాడ బజారు దాకా బ్యాండు పెట్టుకుని ఊరేగాం. ఊరేగింపులో ముందు నడిచింది నేనే. సిగ్గు అనేది నాకు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

ఇది డెబ్భైల నడుమ మొదలై ఎనభైల మొదట్లో ముగిసిన ముచ్చట. నేనప్పుడు తాలూకా ఆఫీసులో గుమస్తాను. మాది బజారు టీం. గోల్‌కీపర్‌కు కిరాణా కొట్టు ఉండేది. చింతపండు తూచే చెయ్యి కాబట్టి వచ్చిన బంతిని కూడా ఒకసారి తూచి చూసేవాడు, ఈలోగా అది వలలో ఉండేది. ఫుల్‌బ్యాకుకు పిండిగిర్ని. సెంటర్ ఫార్వర్డు మా అధ్యక్షుడి అల్లుడు. ఆయనకు ఎవరూ బంతిని గట్టిగా అందించకూడదు, ఎంతైనా అల్లుడు కదా. ఎడమ వింగులో నేను. నా ఆట గురించి తర్వాత చెబుతాను, తొందరేం లేదు.

అధ్యక్షుడు మట్టెవాడలో బట్టల సేటు. టీం పెట్టిన ఏడు ఆయన కొట్లో ఇటుకరంగు పాప్లిన్ తాను ఒకటి అమ్ముడుపోక మూలుగుతోంది. పెళ్ళికీ పనికిరాదు, చావుకూ పనికిరాదు, అలాంటి రంగు. దాన్ని దించి, కొట్టు అరుగు మీద కుట్టే టైలర్‌తో పదకొండు మందికీ ఎవరి కొలత వాళ్ళకు చొక్కాలు కుట్టించాడు. అంతవరకు బాగానే ఉంది. ఇంకెవరైనా అయితే ఆ చొక్కాలు సంచిలో పోసి, రండి వేసుకోండి అనేవారు. మా సేటు పంతులును అడిగి ముహూర్తం పెట్టించాడు. కొట్టు పైన గదిలో జంపఖానా పరిచి, మా పదకొండు మందినీ తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి, ఆకులు, వక్కలు, కొబ్బరికాయ, వాటి మీద మడతపెట్టిన చొక్కా చేతిలో పెట్టాడు. పక్కనే వాళ్ళమ్మ కుర్చీలో కూర్చుని చూస్తోంది. అంతా అయ్యాక ఆ ముసలామె ఒక మాట అన్నది.

"బట్టలు పెట్టినం బిడ్డా. ఒక్కపారి పెట్టిన బట్టలు మళ్ల గుంజుకోవద్దు. పెట్టినోనికి అరిష్టం, పెట్టించుకున్నోనికి అవమానం."

అందరం తలలూపాం. ఎందుకు ఊపమూ? ఆమె అన్నది పెళ్ళిళ్ళలో, పేరంటాలలో అందరమూ పాటించేదే. కానీ వచ్చే ఏడేళ్ళకు మా టీం లైనప్పు ఆ నిమిషాన ఖాయమైపోయిందని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. చొక్కా ఎవరికి పెట్టారో వాడే ఆడాలి. వాణ్ణి తీసెయ్యాలంటే వాడి ఒంటి మీది బట్ట ఊడదీయాలి. పెట్టిన బట్ట ఊడదీసే మగాడు మట్టెవాడలో ఇంకా పుట్టలేదు.

పన్నెండో చొక్కా కుట్టించొచ్చు కదా అని మీరు అడుగుతారు. మేమూ అడిగాం. తాను అయిపోయింది. ఆ రంగు తయారుచెయ్యడం మిల్లువాళ్ళే మానేశారు, వాళ్ళకు బుద్ధి ఉంది. ఇంకో రంగు వేసుకొచ్చినవాణ్ణి రిఫరీ లోపలికి రానివ్వడు. పోనీ హైదరాబాదులో వెతికిద్దామంటే సేటు ఒప్పుకోలేదు. "పన్నెండోది కుట్టిస్తే, ఎవన్ని ఎల్లగొట్టెతందుకు కుట్టిచ్చినవని పదకొండు మంది అడుగుతరు. నేనేం చెప్పాలె?" అన్నాడు. 

మాకు కోచ్ కూడా ఉన్నాడు. రిటైరైన డ్రిల్ మాస్టర్. ఆయనకు రెండు సిద్ధాంతాలు ఉండేవి. టీముకు నిలకడ ఉండాలి అనేది మొదటిది. కొత్త పిల్లలను తయారుచెయ్యాలి అనేది రెండోది. రెండూ మంచివే. రెంటికీ న్యాయం చెయ్యడానికి ఆయన కనిపెట్టిన పద్ధతి మాత్రం లోకంలో ఇంకెక్కడా ఉండదు. ఆదివారం పొద్దున కొత్త పిల్లలు, సాయంత్రం మేము. పొద్దున ఆరు గంటలకు పదిహేను మంది పిల్లలు హన్మకొండ గ్రౌండుకు వచ్చి పరుగెత్తి, చెమటోడ్చి, మా పదకొండు మందితో ప్రాక్టీసు మ్యాచ్ ఆడి మమ్మల్ని నాలుగు గోల్స్‌తో ఓడించేవారు. కోచ్ వాళ్ళ వీపు తట్టి, "శభాష్, మీరే రేపటి టీం" అనేవాడు. సాయంత్రం నాలుగింటికి ఆ రేపటి టీం గీత అవతల గడ్డి మీద కూర్చుని నిమ్మకాయలు కోస్తుంటే, నిన్నటి టీం లోపల ఓడిపోయేది. ఆ రేపు మా కాలంలో రాలేదు.

ఒక్కసారి ప్రయత్నించాం. పిండిగిర్ని ఫుల్‌బ్యాకు అప్పటికి బాగా లావెక్కాడు. కాజీపేట వాళ్ళు ఆయన చుట్టూ తిరిగి పోవడం కన్నా ఆయనకు ఆయాసం వచ్చేదాకా ఆగి పోవడం తేలికని కనిపెట్టారు. సరే, ఒక్క మ్యాచ్‌కు విశ్రాంతి తీసుకోమని చెప్పడానికి కోచ్, సేటు, నేను వాళ్ళింటికి వెళ్ళాం. విషయం ఇంకా సగమే చెప్పాం. లోపలి నుంచి ఆయన భార్య చొక్కాను ఉతికి, మడతపెట్టి, పళ్ళెంలో పెట్టుకుని తెచ్చి మా ముందు పెట్టింది.

"తీసుకపోండ్రి. బొట్టు పెట్టి ఇచ్చింది మీరే, తీసుకపొయ్యేది మీరే. మా అత్తమ్మ సచ్చిపొయ్యింది మంచిగైంది, లేకుంటె ఇది జూసి సచ్చిపోతుండె" అన్నది.

సేటు రెండు చేతులూ జోడించాడు. పళ్ళెం వెనక్కి జరిపాం. చాయ్ తాగాం. వచ్చిన పని వేరు అని చెప్పాలి కదా, అందుకని ఆయన్ని వైస్ కెప్టెన్ చేసి వచ్చాం.

ఈ కథను నేను ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో లెక్కలేదు. హోటల్లో చాయ్ తాగుతూ ఒక్కొక్కడి ఆటా ఆడి చూపించేవాణ్ణి. "చొక్కా కోసం ఆడుతున్నరురా వీళ్ళు. నాకైతే బట్టల మీద భ్రమ లేదు. ఎవడన్న నాకన్న మంచిగ ఆడేటోడు వస్తె, నిలబడ్డ జాగల విప్పి ఇచ్చి ఇంటికి పోత" అనేవాణ్ణి. గురివింద గింజ సామెత చిన్నప్పుడు బళ్ళో చదివాను. చదివింది చదివినట్టే ఉండిపోయింది.

నా ఆట గురించి ఇప్పుడు చెబుతాను. నాకు ముప్ఫై నాలుగేళ్ళు. ఎడమ వింగులో బంతి వస్తే, దాన్ని కుడికాలు మీదికి మార్చుకుని, తలెత్తి చూసి, ఎవరికి ఇవ్వాలో ఆలోచించేవాణ్ణి. ఈ మూడూ అయ్యేసరికి బంతి నా దగ్గర ఉండేది కాదు. అయినా ఆ చొక్కా వేసుకున్న గంటసేపు నేను ఎవరికీ "చిత్తం సార్" అనేవాణ్ణి కాదు. సోమవారం పొద్దున ఆఫీసర్ నన్ను పిలిచి "ఏమయ్యా ఫుట్‌బాల్, మళ్ళా ఓడిండ్రట" అని నవ్వేవాడు. ఓడినందుకే కావచ్చు, ఆ ఆఫీసులో పేరు తెలిసిన గుమస్తాను నేనొక్కణ్ణే. ఆ చొక్కా పోతే మిగిలేది ఫైళ్ళు మోసేవాడు.

అప్పుడు వచ్చాడు ఆ పిల్లవాడు. పిల్లవాడు అంటున్నాను గానీ ఇరవై ఏళ్ళు. వర్ధన్నపేట దాటి ఎక్కడో పల్లె. తండ్రి ఒక పటేల్ దగ్గర జీతగాడు. జీతం అంటే మా వైపు ఉగాది నుంచి ఉగాది దాకా ఏడాదికి మనిషిని కుదుర్చుకోవడం. తెల్లారకముందు పశువుల కొట్టంలో మొదలై, పశువులు పడుకున్నాక ముగిసే పని. కొడుకు ఇంటర్ తప్పి, ఆదివారం ఆదివారం మొదటి బస్సుకు వచ్చేవాడు. రెండేళ్ళు వచ్చాడు. ఎడమకాలి ఆట. బంతి వస్తే ఆగేవాడు కాదు, ఆలోచించేవాడు కాదు, గీత వెంట పరుగెత్తి సరిగ్గా గోలు ముందు దించేవాడు. ప్రాక్టీసులో నాకు ఎదురుగా ఆడేవాడు. పోతూ పోతూ "సారీ అన్నా" అని దాటిపోయేవాడు. దాటినందుకు కాదు గానీ, ఆ సారీకి నాకు మండేది.

ఆ ఏడు మార్చిలో మా ఊళ్ళో ఒక టోర్నమెంటు జరిగింది. హైదరాబాదులో ఒక సర్కారు ఆఫీసు టీముకు మనుషులను ఏరే పెద్దమనిషి చూడ్డానికి వస్తున్నాడని కబురు. ఆయన ఏరుకుంటే ఆటతో పాటు అటెండరు ఉద్యోగం. ఇది విని పిల్లవాడు మొదటిసారి నోరు తెరిచి కోచ్‌ను అడిగాడు.

"సార్, ఒక్క మ్యాచ్ ఆడిపియ్యుండ్రి. ఉగాదికి మా నాయిన నన్ను గూడ పటేల్ తాన జీతముంచుతాండు. మాటైపోయింది. గిదొక్కటి జూస్త అన్న, సరే అన్నడు."

ఉగాది రెండు వారాల్లో ఉంది. కోచ్ ఆ రాత్రి నిద్రపోలేదట. మర్నాడు సేటు కొట్లో కూర్చున్నాం. సేటు కూడా మెత్తబడ్డాడు. చెడ్డవాడు కాదు. చాలాసేపు మీటరు కర్ర అటూ ఇటూ తిప్పి, నా వైపు చూశాడు.

"తమ్మీ, ఆ పోరనిది ఎడమదిక్కు ఆట. అది నీ జాగ. మేం గుంజుకుంటలేము. నువ్వు సదువుకున్నోనివి, నువ్వే ఎన్నిసార్లన్నవ్, విప్పి ఇస్తనని. ఒక్క మ్యాచ్‌కు నీ అంతట నువ్వే ఇస్తె, అది గుంజుకునుడు కాదు. మా అవ్వను గూడ అడిగిన. గట్లయితె దోషం లేదన్నది."

సేటు వాళ్ళమ్మ అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. "దానికేముంది సేటు. ఫికర్ చెయ్యకుండ్రి. ఆదివారం గ్రౌండుల చొక్కా వాని చేతిల పెడ్త" అన్నాను. కోచ్ లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ రోజంతా నేను చాలా గొప్పవాణ్ణి. గొప్పతనం ఒకరోజు ఉంది.

శనివారం సాయంత్రం చాకలామె ఉతికిన బట్టలు తెచ్చింది. అందులో ఆ చొక్కా ఉంది. ఏడేళ్ళ ఉతుకుకు ఇటుకరంగు పోయి ఏ రంగో చెప్పలేకుండా అయింది. తీసి బూట్ల సంచిలో పెట్టాను. అతనికి ఇవ్వడానికే పెట్టాను, ఒట్టు. ఆదివారం మధ్యాహ్నం గ్రౌండు దగ్గర షామియానా వేశారు. కుర్చీలో ఆ హైదరాబాదు ఆయన కూర్చున్నాడు. పక్క కుర్చీలో మా ఆఫీసర్. ఆయన రావడం అదే మొదటిసారి. దూరం నుంచి నన్ను చూసి చెయ్యి ఊపాడు. నా చెయ్యి సంచి మీద పడింది. మళ్ళీ తీయలేదు.

మూడున్నరకు ఆ పిల్లవాడు వచ్చాడు. నిక్కరు, బూట్లు వేసుకుని, పైన బనీనుతో ఉన్నాడు. నా ముందు నిలబడి, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు వెనక్కు కట్టుకున్నాడు.

"అన్నా, చొక్కా తెచ్చినవా?"

"చాకలామె ఇంకా తేలే తమ్మీ. ఎంత చెప్పినా గంతే" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు అని రాయాలని ఉంది. తెలుసు. పొద్దుటి నుంచి లోపల తయారవుతూనే ఉంది.

అతను మొహం మాడ్చుకుని కూర్చుంటాడనుకున్నాను. "ఇల్లెక్కడన్నా ఆమెది?" అన్నాడు. మట్టెవాడ అవతల ఫలానా సందు అని చెప్పక తప్పలేదు. ఎవరిదో సైకిలు అడుక్కుని, బూట్లతోనే తొక్కుకుంటూ పోయాడు. హన్మకొండ నుంచి మట్టెవాడ అవతలి దాకా, మార్చి ఎండలో. నేను గేటు దాకా చూశాను. పిలవొచ్చు. గొంతు బాగానే ఉంది.

నాలుగైంది. రిఫరీ వచ్చాడు. చొక్కాలతో పదిమందే ఉన్నారు. కోచ్ తిట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు నేను సంచి తెరిచి, "అరె, గిందులనే ఉన్నదే సార్. నా మతిమరుపు పాడుగాను" అన్నాను. కోచ్ నా మొహం చూశాడు, సంచి చూశాడు. నలభై ఏళ్ళు పిల్లలతో వేగిన డ్రిల్ మాస్టర్‌కు అబద్ధం తెలియక కాదు. పదకొండో మనిషి కావాలి. రిఫరీ వైపు తిరిగి, అందరం ఉన్నాం అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను చొక్కా తొడుక్కుని లోపలికి పోయాను.

హాఫ్ టైముకు మూడు గోల్స్ తిన్నాం. గీత దగ్గరికి వచ్చి కూర్చునేసరికి సైకిలు వచ్చింది. పిల్లవాడి బనీను ఒంటికి అతుక్కుపోయింది. చాకలామె ఇంట్లో లేకపోతే ఆమె బట్టలు ఉతికే చెరువు దాకా కూడా పోయి వచ్చాడు. దిగుతూనే నా ఒంటి మీద చొక్కా చూశాడు. సైకిలు స్టాండు వేసి, ఊపిరి తీసుకుని, నిదానంగా చెప్పాడు.

"చాకలామె నిన్ననే ఇచ్చిందట అన్నా."

చుట్టూ పదిమందీ విన్నారు.  పిండిగిర్ని ఫుల్‌బ్యాకు నిమ్మకాయ నోట్లో పెట్టుకుని గ్రౌండు వైపు తిరిగాడు. నేను ఇన్నేళ్ళు ఎగతాళి చేసిన మనిషికి నన్ను చూసి నవ్వడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నవ్వలేదు. అది నాకు ఇంకా కష్టమైంది.

అప్పటికీ మించిపోలేదు. ఇంకో అరగంట ఆట ఉంది. మనిషిని మార్చుకోవచ్చు. నేను లేచి పై గుండీ తీశాను. "ఇగో తీస్తాన్న, తొడుక్కో తమ్మీ" అన్నాను. రెండో గుండీ మీద చెయ్యి ఉంది. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఉండనియ్యన్నా. పెట్టిన బట్టలు గుంజుకోవద్దంటరు గద."

ఎత్తిపొడుపేమో అని అతని మొహంలో వెతికాను. లేదు. పల్లెలో పుట్టినవాడు, ఆ మాటను మేము నమ్మినదానికన్నా ఎక్కువ నమ్మినవాడు. రెండేళ్ళు బయట గడ్డి మీద కూర్చుంది కూడా అందుకే కావచ్చు. ఇంకోసారి అడిగితే తీసుకునేవాడు. తోడబుట్టినవాడిలా చెయ్యి పట్టి తొడిగితే కాదనేవాడు కాదు. నేను ఇంకోసారి అడగలేదు. నిజం చెప్పాలంటే నా పానం నిమ్మళమైంది. తీసిన గుండీ మళ్ళీ పెట్టుకున్నాను. విజిల్ ఊదగానే అందరికన్నా ముందు లోపలికి ఉరికింది నేనే.

ఆరు గోల్స్‌తో ఓడిపోయాం. ఆట అయ్యాక గీత అవతల పిల్లవాడు ఖాళీగా పడున్న బంతితో ఒక్కడే ఆడుకుంటున్నాడు. ఎడమకాలి మీద, మోకాలి మీద, మళ్ళీ ఎడమకాలి మీద, కింద పడనివ్వకుండా. హైదరాబాదు ఆయన జీపు వైపు పోతూ ఆగి చూశాడు. మా ఆఫీసర్ నన్ను పిలిచి, మా ఫుట్‌బాల్ ఇతనే అని చూపించాడు.

"ఆ అబ్బాయి మీ టీమేనా? ఎందుకు ఆడించలేదు?" అని ఆయన అడిగాడు.

"చొక్కా లేదు సార్" అన్నాను.

ఆయన నా చొక్కాను ఒకసారి చూసి, నేను హాస్యమాడుతున్నాననుకుని పెద్దగా నవ్వాడు. ఆఫీసర్ కూడా నవ్వాడు. "మా వాడు గట్లనే జోకులేస్తుంటడు" అన్నాడు. నేనూ నవ్వాను. జీపు వెళ్ళిపోయింది. తిరిగి చూస్తే పిల్లవాడు టీం బూట్లు విప్పి, లేసులు కట్టి, కోచ్ కుర్చీ కింద పెట్టి, వర్ధన్నపేట బస్సుకు వట్టికాళ్ళతో పోతున్నాడు.

ఉగాది ఆదివారమే వచ్చింది. పండగైనా పొద్దున ప్రాక్టీసు పెట్టాడు కోచ్. పిల్లలు పద్నాలుగు మందే వచ్చారు. ఒకడు తక్కువేంటని ఎవరూ అడగలేదు. నాకు తెలుసు కాబట్టి నేనూ అడగలేదు.